రెండు హైదరాబాద్‌లు, ఒక టైఫాయిడ్: మందుకు లొంగని గుణం బ్యాక్టీరియాల మధ్య ఎలా చేతులు మారుతుంది?

2016 నవంబరులో హైదరాబాద్ పిల్లలకు జ్వరాలు మొదలయ్యాయి. మన దక్కన్ హైదరాబాద్ కాదు, పాకిస్తాన్‌లో సింధు నది ఒడ్డున ఉన్న హైదరాబాద్. టైఫాయిడ్ ఆ ఊరికి కొత్తేమీ కాదు. డాక్టర్లు ఎప్పటిలాగే సెఫ్ట్రియాక్సోన్ ఇంజెక్షన్ రాశారు. చాలామందికి జ్వరం దిగలేదు. రక్తం కల్చర్‌కి పంపి చూస్తే ల్యాబ్ రిపోర్టులో వరసగా ఒకటే మాట: ఈ మందుకు లొంగదు, ఈ మందుకూ లొంగదు.

పాతకాలపు క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ పనిచేయవు. వాటి తర్వాత వచ్చిన సిప్రోఫ్లోక్సాసిన్ పనిచేయదు. డాక్టర్లు గట్టి నమ్మకం పెట్టుకున్న సెఫ్ట్రియాక్సోన్ కూడా పనిచేయదు. నోటితో వేసుకునే మందుల్లో నమ్మదగినది అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. అది కాదంటే దవాఖానాలో చేర్చి నరంలోకి ఎక్కించే మెరోపెనెమ్ లాంటి ఖరీదైన మందులే దిక్కు. 2018 డిసెంబరు మొదటివారం దాటేసరికి సింధ్‌లో నమోదైన 8,188 టైఫాయిడ్ కేసుల్లో 5,274 ఈ మొండి రకానివే. అప్పటికి రోగం కరాచీకి పాకింది, ఎక్కువ కేసులు అక్కడే తేలాయి.

టైఫాయిడ్ బ్యాక్టీరియాకు ఒక్కసారిగా ఇంత శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? కరాచీలోని ఆగా ఖాన్ యూనివర్సిటీ, బ్రిటన్‌లోని సాంగర్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు కలిసి ఆ బ్యాక్టీరియా జన్యువులను మొదటి నుంచి చివరి దాకా చదివారు. 2018లో వచ్చిన వాళ్ళ నివేదిక చెప్పింది ఇది: ఈ టైఫాయిడ్ రకం పాతదే. దక్షిణాసియాలో ఎన్నో ఏళ్ళుగా తిరుగుతున్న హెచ్58 అనే వంశానికి చెందినదే. పాత మూడు మందులను తట్టుకునే జన్యువులు దానిలో ముందే ఉన్నాయి. కొత్తగా చేరింది ఒక చిన్న డీఎన్ఏ ముక్క, అంతే. ఆ ముక్క టైఫాయిడ్ బ్యాక్టీరియా సొంతం కాదు. మనుషుల పేగుల్లో మామూలుగా బతికే ఈ. కోలై లాంటి వేరే జాతి బ్యాక్టీరియాల్లో దొరికే ముక్కతో అది దాదాపు పూర్తిగా సరిపోయింది.

అంటే టైఫాయిడ్ క్రిమి తన తెలివితో మందును గెలవలేదు. పక్కింటివాడి దగ్గర అప్పు తెచ్చుకుంది.

వారసత్వం కాదు, చీటీ

మనుషుల్లో జన్యువులు తల్లిదండ్రుల నుంచే బిడ్డలకు వస్తాయి. ఎంత దగ్గరి స్నేహితులైనా పక్కన కూర్చున్నందుకు ఒకరి కళ్ళ రంగు ఇంకొకరికి రాదు. బ్యాక్టీరియాలకు ఈ నియమం లేదు. అవి రెండుగా చీలినప్పుడు పిల్లలకు జన్యువులు ఎలాగూ వెళ్తాయి. దానికి తోడు, బతికుండగానే పక్కనున్న బ్యాక్టీరియాకు, అది వేరే జాతిదైనా సరే, కొన్ని జన్యువులను అందించగలవు.

ఒక పోలిక చూడండి. ప్రతి బ్యాక్టీరియాలోనూ ఒక పెద్ద ఖాతా పుస్తకం ఉంటుంది, అదే క్రోమోజోమ్. అది ఎలా బతకాలి, ఏం తినాలి, ఎలా చీలాలి అన్నీ అందులోనే ఉంటాయి. చాలా బ్యాక్టీరియాల్లో ఆ పుస్తకం కాక విడిగా కొన్ని చిన్న చీటీలు కూడా ఉంటాయి. గుండ్రటి ఉంగరం లాంటి ఈ చిన్న డీఎన్ఏలకు ప్లాస్మిడ్‌లని పేరు. 1952లో ఆ పేరు పెట్టింది అమెరికా శాస్త్రవేత్త జాషువా లెడర్‌బర్గ్. చీటీలో ఉండేవి రోజువారీ బతుకుకు అవసరమైన సంగతులు కావు, కష్టకాలంలో పనికొచ్చే చిట్కాలు. ఫలానా మందు వస్తే దాన్ని ఎలా ముక్కలు చేయాలి, ఫలానాది లోపలికి వస్తే ఎలా బయటికి తోడేయాలి, ఇలాంటివి.

పక్కింటావిడ అడిగితే బిర్యానీ మసాలా లెక్క కాగితం మీద రాసి ఇచ్చినట్టే ఇదీ. రాసిచ్చినంత మాత్రాన ఇచ్చినావిడ దగ్గర లెక్క పోదు. ఇద్దరి దగ్గరా ఉంటుంది. తీసుకున్నావిడ రేపు తన చెల్లెలికి ఇస్తుంది.

బ్యాక్టీరియాలో ఇది జరిగే తీరు సూక్ష్మదర్శినిలో కూడా చూశారు. చీటీ ఉన్న బ్యాక్టీరియా సన్నటి దారం లాంటి ఒక గొట్టాన్ని బయటికి చాపి, పక్కదాన్ని పట్టుకుని దగ్గరికి లాక్కుంటుంది. రెండూ అతుక్కున్నాక ప్లాస్మిడ్‌లోని రెండు పోగుల్లో ఒక పోగు అవతలికి జారుతుంది. మిగిలిన పోగు ఆధారంగా ఇచ్చినది తన జత పూర్తి చేసుకుంటుంది, వచ్చిన పోగు ఆధారంగా తీసుకున్నదీ పూర్తి చేసుకుంటుంది. మొత్తం వ్యవహారం నిమిషాల పని. తీసుకున్నది ఆ వెంటనే తానూ ఇవ్వడానికి సిద్ధమవుతుంది, ఎందుకంటే ఆ గొట్టం ఎలా తయారుచేయాలో కూడా ఆ చీటీలోనే రాసి ఉంటుంది. ఈ పద్ధతిని కాంజుగేషన్ అంటారు. మందులకు లొంగని గుణం పాకడంలో పెద్ద వాటా దీనిదే.

జపాన్‌లో తేలిన సంగతి

ఈ విషయం మొదట పట్టుబడింది రక్త విరేచనాల రోగుల దగ్గర. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో షిగెల్లా అనే బ్యాక్టీరియా వల్ల రక్త విరేచనాలు బాగా వ్యాపించాయి. మొదట సల్ఫా మందులు బ్రహ్మాండంగా పనిచేశాయి, కొన్నేళ్ళకే దెబ్బతిన్నాయి. 1955లో హాంకాంగ్ నుంచి తిరిగొచ్చిన ఒక జపాన్ మహిళ దగ్గర దొరికిన షిగెల్లా ఏకంగా నాలుగు మందులకు లొంగలేదు: సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, క్లోరాంఫెనికాల్.

అక్కడి డాక్టర్లకు లెక్క కుదరలేదు. బ్యాక్టీరియా చీలేటప్పుడు రాతలో తప్పు దొర్లి, ఆ తప్పు వల్ల ఒక మందును తట్టుకునే గుణం రావచ్చు. దాన్నే మ్యుటేషన్ అంటారు. అలాంటిది కోటి బ్యాక్టీరియాల్లో ఒకదానికి జరుగుతుందనుకుందాం. రెండు మందులకు ఒకేసారి రావాలంటే కోటిని కోటితో గుణించాలి. నాలుగు మందులకు ఒకేసారి అంటే అది లెక్కకు అందని సంఖ్య. అయినా అలాంటి రోగులు వస్తూనే ఉన్నారు.

ఇంకో వింత కూడా కనపడింది. ఒకే రోగి దగ్గర నాలుగు మందులకు లొంగని షిగెల్లా, లొంగే షిగెల్లా రెండూ దొరికేవి. ఆ రోగి పేగుల్లోని ఈ. కోలైకి కూడా సరిగ్గా అవే నాలుగు మందుల మొండితనం ఉండేది. 1959లో జపాన్ పరిశోధకులు మొండి ఈ. కోలైని, మందుకు లొంగే షిగెల్లాని ఒకే గిన్నెలో కలిపి పెంచారు. కాసేపటికి షిగెల్లా కూడా మొండిదైపోయింది. నాలుగు గుణాలూ ఒకే మూటగా వెళ్ళాయి. త్సుతోము వాతనబె అనే శాస్త్రవేత్త 1963లో ఇంగ్లీషులో ఒక పెద్ద సమీక్ష రాసేదాకా పాశ్చాత్య దేశాల్లో చాలామందికి ఈ సంగతి తెలియనే తెలియదు. అంటువ్యాధి లాగా అంటుకునే వారసత్వం అన్నాడాయన దాన్ని. ఇంతకంటే బాగా చెప్పడం కష్టం.

ఆ నాలుగు గుణాలు ఒకే చీటీ మీదకి ఎలా చేరాయి? బ్యాక్టీరియాలో గంతులేసే జన్యువులు ఉంటాయి, వాటిని ట్రాన్స్‌పోజాన్‌లంటారు. అవి ఒకచోట నుంచి తెగి ఇంకోచోట అతుక్కుంటాయి, కొన్నయితే తమ నకలు తీసి అతికిస్తాయి. పుస్తకంలోంచి చీటీ మీదకి, చీటీ మీద నుంచి పుస్తకంలోకి, ఒక చీటీ నుంచి ఇంకో చీటీకి. ఇలా ఏళ్ళ తరబడి ఒకే ప్లాస్మిడ్ మీద ఐదారు మందుల చిట్కాలు పోగవుతాయి. దీని పర్యవసానం ఇంట్లోవాళ్ళకు కూడా తెలియాలి: ఒక మందు వాడితే ఆ ఒక్క మందుకే మొండితనం పెరుగుతుందని లేదు. మూటలో ఉన్న మిగతా మందులకూ దాంతోపాటే పెరుగుతుంది.

ఇంకో రెండు దారులు

బ్యాక్టీరియా చచ్చి పగిలిపోయినప్పుడు దాని డీఎన్ఏ ముక్కలు చుట్టుపక్కల పడి ఉంటాయి. కొన్ని జాతులు ఆ ముక్కలను ఏరుకుని తమ పుస్తకంలో అతికించుకుంటాయి. 1928లో లండన్‌లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ దీన్ని ఎలుకల్లో గమనించాడు. నిమోనియా తెప్పించే బ్యాక్టీరియాను వేడి చేసి చంపి, హాని చేయని రకం బతికున్న బ్యాక్టీరియాతో కలిపి ఎలుకలకు ఎక్కిస్తే ఎలుకలు చచ్చిపోయాయి. చచ్చినదాని గుణం బతికున్నదానికి వచ్చింది. గుణాన్ని మోసేది డీఎన్ఏ అని 1944లో తేలడానికి ఈ ప్రయోగమే మూలం. నిమోనియా బ్యాక్టీరియా పెన్సిలిన్‌ను తట్టుకోవడం కూడా ఈ దారిలోనే నేర్చుకుంది. నోట్లో, గొంతులో ఏ హానీ చేయకుండా ఉండే చుట్టాల నుంచి ముక్కలు ఏరుకుని తన జన్యువును అతుకుల బొంతలా చేసుకుంది.

రెండో దారి వైరస్‌లది. బ్యాక్టీరియాలకూ వైరస్‌లు సోకుతాయి, వాటిని ఫేజ్‌లంటారు. అవి లోపల పిల్లలను తయారుచేసుకుని ప్యాక్ చేసుకునేటప్పుడు పొరపాటున బ్యాక్టీరియా జన్యువును కూడా సంచీలో వేసుకుంటాయి. ఆ సంచీ తర్వాతి బ్యాక్టీరియాలో విప్పుతాయి. తప్పు చిరునామాకు చేరిన పార్సిల్ లాంటిది. ఇది తక్కువగా జరుగుతుంది, కానీ బ్యాక్టీరియాల సంఖ్య చూస్తే తక్కువ కూడా చిన్నదేం కాదు.

యాంటీబయోటిక్ పాత్ర ఏమిటి?

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. యాంటీబయోటిక్ వేసుకుంటే ఒంటికి అలవాటైపోతుంది, అందుకే పనిచేయదు అంటారు. ఒంటికి అలవాటు కాదు. మొండిగా మారేది మనిషి కాదు, మనిషిలోని బ్యాక్టీరియా.

ఇంకొకటి, మొండి జన్యువులను మందు పుట్టించదు. అవి మందుల కంటే ఎంతో పాతవి. మట్టిలోని బూజులు, బ్యాక్టీరియాలు లక్షల ఏళ్ళుగా ఒకదాని మీద ఒకటి ఇలాంటి రసాయనాలు వదులుకుంటూనే ఉన్నాయి, తట్టుకుంటూనే ఉన్నాయి. సింధ్ టైఫాయిడ్‌లో దొరికిన ముఖ్యమైన జన్యువు సీటీఎక్స్-ఎం-15. సెఫ్ట్రియాక్సోన్‌ను ముక్కలు చేసే ఎంజైమ్‌ను తయారుచేస్తుంది. ఈ కుటుంబం జన్యువుల అసలు పుట్టిల్లు క్లుయివెరా అనే బ్యాక్టీరియా, మనుషులకు పెద్దగా రోగాలు తెప్పించని రకం. అక్కడ క్రోమోజోమ్‌లో తన మానాన తానున్న జన్యువు ఒక గంతుతో ప్లాస్మిడ్ ఎక్కింది. ఎం అనే అక్షరం జర్మనీలోని మ్యూనిక్ నగరానిది. 15వ నంబరు రకం మొదట తేలింది మాత్రం 1999లో ఢిల్లీ రోగుల నుంచి తీసిన బ్యాక్టీరియాల్లో. తర్వాత పదేళ్ళలో ప్రపంచమంతా తిరిగింది.

మందు చేసే పని జల్లెడ పట్టడం. పేగుల్లో లక్ష కోట్ల లెక్కలో బ్యాక్టీరియాలున్నాయి. వాటిలో ఏ వందకో ఆ చీటీ ఉందనుకోండి. మామూలు రోజుల్లో ఆ వంద గుంపులో గోవిందా. పైగా చీటీని మోయడం, నకలు తీయడం వాటికి భారం కూడా. జలుబుకని ఎవరో అజిత్రోమైసినో సెఫిక్సిమో వేసుకున్నారు. జలుబు వైరస్ వల్ల వచ్చేది కాబట్టి దానికి ఏమీ కాలేదు. పేగుల్లోని మంచి బ్యాక్టీరియాలు మాత్రం చచ్చాయి. మిగిలిన ఆ వందకు ఇప్పుడు తిండి పుష్కలం, చోటు పుష్కలం. అనుకూలమైన చోట ఈ. కోలై 20 నిమిషాలకు ఒకసారి రెండవుతుంది. కొద్దిరోజుల్లో వంద కాస్తా గుంపును ఆక్రమిస్తాయి. చీటీలు ఎక్కువయ్యాయి, ఇచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. రేపు మురికి నీళ్ళతో ఒక టైఫాయిడ్ క్రిమి లోపలికి వస్తే దానికి చీటీ దొరికే అవకాశమూ పెరిగింది.

కొన్ని మందులు చిన్న మోతాదులో ఈ పంపకాన్ని ఎగదోస్తాయి కూడా. 2004లో కలరా బ్యాక్టీరియా మీద చేసిన పరిశోధనలో, సిప్రోఫ్లోక్సాసిన్ తగిలి డీఎన్ఏ దెబ్బతిన్న బ్యాక్టీరియా కంగారులో తన జన్యువుల మూటను పక్కవాటికి మరింత ఎక్కువగా పంచినట్టు తేలింది. చంపలేనంత తక్కువ మందు అసలు మందు లేకపోవడం కంటే చెడ్డదయ్యేది ఇలాంటి చోటే.

మన హైదరాబాద్ వాగుల్లో

తక్కువ మందు మాట అలా ఉంచి, ఎక్కువ మందు నీళ్ళలో ఎలా ఉంటుందో దక్కన్ హైదరాబాద్ ప్రపంచానికి చూపించింది. పటాన్‌చెరు చుట్టుపక్కల మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలు ఎన్నో ఉన్నాయి. సుమారు 90 ఫ్యాక్టరీల వ్యర్థ జలాలను శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీళ్ళను స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉంది. సిప్రో మాత్రలు వేసుకునే రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే ఇది చాలా ఎక్కువ. శుద్ధి చేశాక వదిలిన నీళ్ళ సంగతి ఇది.

ఆ నీళ్ళు చేరే వాగు అడుగు బురదను తర్వాత పరిశోధకులు జల్లెడ పట్టారు. 2011లో వచ్చిన నివేదిక ప్రకారం ఆ బురదలో మొండి జన్యువులు విపరీతంగా ఉన్నాయి. వాటితోపాటు, చేతులు మారడానికి పనికొచ్చే ప్లాస్మిడ్‌లు, గంతులేసే జన్యువులు కూడా మామూలు కంటే బాగా ఎక్కువ. సరుకూ ఉంది, బండీ ఉంది. ప్రపంచానికి చవకగా మందులు పంపుతున్న ఊరి పేరు ఇలాంటి నివేదికల్లో ఎక్కడం బాధాకరమే. అయినా కప్పిపుచ్చితే వాగు బాగుపడదు.

ఢిల్లీ పేరు కూడా ఇలాగే ఎక్కింది. భారత మూలాలున్న ఒక స్వీడన్ రోగి దగ్గర 2008లో ఎన్‌డీఎం-1 జన్యువు దొరికింది, ఆయనకు అంతకు ముందు ఢిల్లీలో వైద్యం జరిగింది. మెరోపెనెమ్ లాంటి ఆఖరి మందులనే అది ముక్కలు చేస్తుంది. ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ. ఆ పేరు మీద మన దేశంలో పెద్ద గొడవే అయింది. పేరు గొడవలో అసలు సంగతి వెనకబడింది: ఆ రోగి దగ్గర క్లెబ్సియెల్లాలోనూ, ఈ. కోలైలోనూ అదే జన్యువు ఉంది. రెండు వేర్వేరు జాతులు, ఒకే చిట్కా. 2011లో వచ్చిన అధ్యయనంలో ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీళ్ళను పరీక్షిస్తే 171 నమూనాల్లో 51లో, నల్లా నీళ్ళు 50 నమూనాల్లో 2లో ఆ జన్యువు కనిపించింది. అప్పటిదాకా దాన్ని ఎవరూ చూడని 11 జాతుల్లో ఉంది. వాటిలో షిగెల్లా, కలరా బ్యాక్టీరియా కూడా ఉన్నాయి.

సింధ్ హైదరాబాద్‌లోనూ మొదటి కేసులు మురికి కాలువ లైన్ల చుట్టూ గుమిగూడి కనిపించాయి. తాగునీటి పైపులోకి మురుగు చేరడమే అక్కడ రోగం అంత వేగంగా పాకడానికి కారణమని అనుమానం. పాత బస్తీ గల్లీల్లో ఉండేవాళ్ళకు ఇది వివరంగా చెప్పక్కర్లేదు. రెండురోజులకోసారి గంటో రెండు గంటలో నల్లా వస్తుంది, మిగతా సమయం పైపు ఖాళీ. ఖాళీ పైపులో ఒత్తిడి ఉండదు కాబట్టి చిల్లు ఎక్కడుంటే అక్కడ బయటి మురికిని పీలుస్తుంది. నల్లాకు డైరెక్టుగా మోటారు బిగిస్తే ఇంకా గట్టిగా పీలుస్తుంది. ఇద్దరికి నాలుగు బకెట్లు ఎక్కువొస్తాయి, గల్లీ మొత్తానికి మురుగు వస్తుంది.

కోడి మాంసం, ప్రయాణం

2015 నవంబరులో చైనా నుంచి ఇంకో వార్త వచ్చింది. కొలిస్టిన్ అనే ఆఖరి వరస మందును తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు పశువుల్లో, మార్కెట్లో అమ్మే కోడి మాంసంలో, రోగుల్లో కూడా దొరికింది. అది ప్లాస్మిడ్ మీద ఉండటమే అందరినీ భయపెట్టింది. అంతకు ముందు కొలిస్టిన్ మొండితనం క్రోమోజోమ్ మార్పుల వల్లే వస్తుందని, కాబట్టి పక్కదానికి పాకదని అనుకునేవారు. పశువులు తొందరగా బరువు పెరగాలని దాణాలో కొలిస్టిన్ కలపడం దీనికి ఎరువైంది. చైనా 2017లో దాణాలో దాన్ని ఆపేసింది. రెండేళ్ళలో ఆరోగ్యంగా ఉన్న మనుషుల్లో ఎంసీఆర్-1 మోసేవాళ్ళ శాతం సగానికి పైగా పడిపోయింది. మందు ఒత్తిడి తీసేస్తే చీటీ భారమవుతుందని, కొంతవరకైనా జారిపోతుందని ఇంత పెద్ద స్థాయిలో చూపించిన ఉదాహరణలు తక్కువ. మన దేశం 2019 జులైలో కోళ్ళు, పశువుల పెంపకంలో కొలిస్టిన్‌ను నిషేధించింది.

వండిన మాంసంతో భయం లేదు, బాగా ఉడికితే బ్యాక్టీరియా చస్తుంది. తేడా వచ్చేది వండకముందు. చికెన్‌ను నల్లా కింద జోరుగా కడిగితే తుంపర్లు పక్కనున్న కచ్చా ఉల్లిగడ్డల మీద, ప్లేట్ల మీద పడతాయి. అదే చాకుతో నిమ్మకాయ కోస్తారు. ఖుర్బానీ రోజుల్లో పిల్లలు కూడా మాంసం పంచే పనిలో ఉంటారు కాబట్టి చేతులు సబ్బుతో కడుక్కోవడం అప్పుడు మరీ ముఖ్యం.

ప్రయాణాలు కూడా చీటీలను మోస్తాయి. ఫ్రాన్స్‌లోని మార్సే నగరం నుంచి 2013, 2014లలో హజ్‌కు వెళ్ళినవాళ్ళను పరిశోధకులు వెళ్ళేముందు, వచ్చాక పరీక్షించారు. ఎంసీఆర్-1 మోసేవాళ్ళు వచ్చాక ఎక్కువయ్యారు. ఇది హజ్‌కు అంటగట్టే మచ్చ కాదు. స్వీడన్ నుంచి మామూలు టూర్ల మీద రకరకాల దేశాలకు వెళ్ళినవాళ్ళ మీద 2010లో వచ్చిన అధ్యయనంలో ఇండియాకు వచ్చిన 8 మందిలో 7 మంది మొండి ఈ. కోలైని పేగుల్లో పెట్టుకుని వెళ్ళారు. వాళ్ళు ఎవరూ ఏ జాతరకూ రాలేదు. ఇలా మోసేవాళ్ళకు జబ్బేమీ ఉండదు, చాలామందిలో కొన్ని నెలల్లో పోతుంది కూడా. హజ్‌కో ఉమ్రాకో వెళ్ళేవాళ్ళు గమనించాల్సింది ఒకటే. దగ్గు వస్తే ముందుజాగ్రత్త అని సామాన్లలో యాంటీబయోటిక్ స్ట్రిప్పులు సర్దుకుని, అక్కడ ఒకరికొకరు పంచుకోవడం మానాలి. అక్కడి దగ్గుల్లో చాలావరకు వైరస్‌లవే.

దక్కన్ నుంచి సింధ్‌కు

సింధ్ కథలో ఒక మంచి మలుపు ఉంది, దానికి మన ఊరితో సంబంధం ఉంది. మందు పనిచేయనప్పుడు మిగిలిన దారి రోగం రాకుండా ఆపడమే. 2018లో అక్కడి హైదరాబాద్‌లో ఆరు నెలల నుంచి పదేళ్ళ లోపు పిల్లలు రెండు లక్షల మందికి పైగా టైఫాయిడ్ టీకా వేశారు. ఆ టీకా టైప్‌బార్ టీసీవీ, తయారైంది మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్‌లో. రెండు దేశాల మధ్య ఎన్ని గోడలున్నా ఆ సీసాలు చేరాయి. మొండి రకం టైఫాయిడ్ మీద కూడా టీకా 95 శాతానికి పైగా పనిచేసినట్టు తర్వాతి అధ్యయనంలో తేలింది. టీకాకు బ్యాక్టీరియా జేబులో ఏ చీటీ ఉందన్నది అనవసరం, అది దాని పైపొరను గుర్తుపట్టి పట్టుకుంటుంది. 2019 నవంబరులో పాకిస్తాన్ ఈ టీకాను పిల్లల మామూలు టీకాల్లో చేర్చింది, ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం అదే. ఇక్కడ పిల్లల డాక్టర్ల దగ్గర ఆరు నెలలు దాటిన బిడ్డలకు దొరుకుతుంది, అడిగితే చెబుతారు.

ఇది సింధ్‌తో ఆగే సంగతి కాదు. ముంబైలో కూడా సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని టైఫాయిడ్ కేసులు బయటపడ్డాయి. అక్కడి ప్లాస్మిడ్ సింధ్‌ది కాదు, వేరేది. అంటే అప్పు ఇంకోచోట ఇంకోరి దగ్గర దొరికింది. మిగిలిన అజిత్రోమైసిన్‌ను తట్టుకునే టైఫాయిడ్ బంగ్లాదేశ్‌లో దొరికినట్టు 2019లో వెల్లడైంది. అది చీటీ వల్ల కాదు, సొంత పుస్తకంలో ఒక్క అక్షరం మారడం వల్ల.

ఇంట్లో జ్వరం వచ్చినప్పుడు ఇదంతా ఎక్కడ పనికొస్తుంది? ముందు విడాల్ పరీక్ష సంగతి. జ్వరం వచ్చిన రెండోరోజే విడాల్ చేయించి, పాజిటివ్ అనగానే టైఫాయిడ్ మందులు మొదలుపెట్టడం తెలుగు రాష్ట్రాల్లో మామూలైపోయింది. ఎప్పుడో వచ్చిన జ్వరానికీ, వేరే ఇన్ఫెక్షన్లకూ కూడా అది పాజిటివ్ చూపిస్తుంది. నమ్మదగినది బ్లడ్ కల్చర్. ఖర్చు కొంత ఎక్కువ, రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది, యాంటీబయోటిక్ మొదలుపెట్టకముందే రక్తం తీయాలి. మెడికల్ షాపులో రెండు మాత్రలు వేసుకుని తర్వాత వెళ్తే కల్చర్‌లో క్రిమి పెరగకపోవచ్చు.

మందుల స్ట్రిప్పు వెనక నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టరు చీటీ లేకుండా వేసుకోకూడదని అర్థం. 2014 నుంచి సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటి కొన్ని మందులు అమ్మితే షాపువాళ్ళు రోగి పేరు, డాక్టరు పేరు రిజిస్టరులో రాసుకోవాలని చట్టం ఉంది. ఎన్ని షాపుల్లో రాస్తున్నారో కౌంటరు దగ్గర నిలబడినవాళ్ళందరికీ తెలుసు.

రంజాన్‌లో ఇంకో చిక్కు వస్తుంది. రోజూ మూడుసార్లు వేసుకోవాల్సిన మందును రోజా ఉన్నామని రెండుసార్లకు తగ్గించేస్తారు కొందరు, రెండుసార్లది ఒకసారికి. రక్తంలో మందు చాలినంత లేని గంటలు బ్యాక్టీరియాకు అచ్చొస్తాయి. సహరీకి, ఇఫ్తార్‌కి కుదిరేలా వేరే మందు రాయమని డాక్టరును అడగొచ్చు. కుదరని జబ్బయితే రోగికి రోజా వదిలి తర్వాత పూర్తిచేసుకునే వెసులుబాటు దీన్‌లోనే ఉంది.

కల్చర్ రిపోర్టు చేతికొచ్చాక అందులో మందుల పేర్ల పక్కన అక్షరాలుంటాయి. ఎస్ అంటే లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు, ఐ ఉంటే డాక్టరు చూసి తేల్చాలి. ఆ కాగితాన్ని పారేయకుండా ఫైల్లో పెట్టుకుంటే, ఆరునెలల తర్వాత అదే మనిషికి మూత్రంలో మంటో ఇంకో ఇన్ఫెక్షనో వచ్చినప్పుడు పాత ఆర్‌లు ఎక్కడున్నాయో డాక్టరు ముందే చూసుకోగలడు.